ఎంగిలి అంటదు, కవరే అంటుతుంది

మన టిఫిన్ సెంటర్లకు శుభ్రత మీద ఎంత పట్టింపో తెలియాలంటే పొద్దున్నే ఏదో ఒక బండి దగ్గర నిలబడాలి. స్టీలు ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, పొగలు కక్కే ఇడ్లీలు పెట్టి, పక్కన అల్లం చట్నీ వేస్తారు. తిన్నాక కవరు లాగి డబ్బాలో పడేస్తే ప్లేటు కడిగే పనే లేదు. "ఎవరి ఎంగిలీ అంటదు సార్, హైజీన్!" అంటాడు ఓనరు. ఎంగిలంటే ఆమడ దూరం పారిపోయే మనం మురిసిపోతాం.

పార్సిల్ వైభవం వేరు. సలసల కాగే సాంబారు కవర్లో పోసి, మూతి బిగించి, రబ్బరు బ్యాండు చుట్టి చేతికిస్తారు. ఇంటికొచ్చేసరికి కవరు మెత్తబడి ఉంటుంది. కొత్తిమీర వాసనలో అదేమీ తెలియదు లెండి. 2025లో కర్ణాటక ప్రభుత్వం హోటళ్లలో గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీట్ల మీద ఇడ్లీలు ఉడికించడాన్ని నిషేధించింది. పాపం, వాళ్లకు హైజీన్ తెలియదు.

చదువుకున్నవాళ్లు మరీ జాగ్రత్తపరులు. ప్లాస్టిక్ గ్లాసు వద్దు, పేపర్ కప్పులో టీ పొయ్యమంటారు. ఉత్త కాగితమైతే ఈపాటికి నాని కారిపోవాలి కదా అని అడగరు. లోపల నున్నగా ఉన్న పొర ప్లాస్టిక్కే. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు 15 నిమిషాలుంచితే దాదాపు 25 వేల ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి దిగాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు తేల్చారు.

ఇంత తిన్నాక భయం వేయదా? వేస్తుంది. దానికి వాట్సాప్‌లో మందుంది: మైక్రోప్లాస్టిక్ డిటాక్స్ పొడి, పరగడుపున రెండు చెంచాలు. వచ్చేది ప్లాస్టిక్ డబ్బాలోనే. భయం మాత్రం ఉత్తిది కాదు. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనబడింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వులోనూ చూశారు. ఆ కొవ్వులో ప్లాస్టిక్ ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, చావు ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. అయినా ప్లాస్టిక్కే కారణమని తేల్చలేమన్నారు. అంత చదివినవాళ్లు అక్కడ ఆగిపోతే, మన పొడి వ్యాపారి మాత్రం ఒంట్లోంచి దాన్ని కడిగేసే ఉపాయం కూడా కనిపెట్టేశాడు!

ప్లాస్టిక్ గాల్లో ఉంది, నీళ్లలో ఉంది, పూర్తిగా తప్పించుకోలేం. అలాగని కాగే సాంబారుతో కలిపి కొనుక్కోవాలా? బండాయనకు ప్లేట్లు కడిగే మనిషి దండగ, మనకు గిన్నె మోయడం నామోషీ. ఒకసారి గిన్నె పట్టుకెళ్లి చూడండి. ఆయన నవ్వితే నవ్వనీండి. కవర్లో కొలిచి పోసే చెయ్యి గిన్నె చూస్తే మొహమాటపడి ఇంకో గరిటె పోస్తుంది.