మా అంబాసిడర్‌కు రేషన్ కార్డు

మా అంబాసిడర్ పేరు మీద రేషన్ కార్డుకు దరఖాస్తు పెడదామని కరీంనగర్‌లో ఫారాలు నింపే కుర్రవాడి దగ్గరికి పోయాను. వాడు నన్ను చూశాడు, ఫారం చూశాడు. "సార్, కారున్నోళ్లకు కార్డు రాదు" అన్నాడు.

"నాకొద్దు తమ్మీ, కారుకే" అన్నాను.

నవ్వడానికేముంది? పెట్రోలియం శాఖ సెలవిచ్చిన మాట మీరూ చదివే ఉంటారు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో పాత బండ్లకు భయమేమీ లేదట. మైలేజీ తగ్గినా మూడు నుంచి ఆరు శాతం, అదీ స్వల్పమేనట. కొన్ని పాత బండ్లలో రబ్బరు సామాను, గాస్కెట్లు కాస్త ముందుగా మార్చాల్సి రావచ్చట. అది చవకేనట, మామూలు సర్వీసింగులో అయిపోతుందట, బండి బతుకులో ఒక్కసారి చేయిస్తే చాలట. మాది 1984 నాటి మార్క్ 4. దాన్ని కన్న ఉత్తర్‌పారా ఫ్యాక్టరీకే 2014లో తాళం పడింది. ఇదేమో దసరాకు దసరాకు లేచి కూర్చుంటోంది. దీని బతుకుకు కొలత ఎవరు పెట్టాలి?

ఇక తిండి లెక్క చూడండి. టన్ను బియ్యానికి సుమారు 450 లీటర్ల ఇథనాల్ దిగుతుంది. నలభై లీటర్ల పెట్రోలు పోయిస్తే అందులో ఎనిమిది లీటర్లు అదే, అంటే పదిహేడు పద్దెనిమిది కిలోల బియ్యం. (అంతా బియ్యమే కాదు, మక్కలూ చెరుకూ ఉంటాయంటారా? మా బండి కరీంనగర్‌ది, దానికి అన్నమే ఒంటబడుతుంది.) మనిషికి నెలకు ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. మా అంబాసిడర్ ఒక్క ట్యాంకుకు ముగ్గురి కోటా మింగుతోంది. ఇంత తినే జీవికి ఇంటి కార్డులో పేరుండొద్దా?

పేరు, అంబాసిడర్. వయసు, 41. యజమానితో సంబంధం అన్నచోట నేను తటపటాయిస్తుంటే మా ఆవిడ "రెండో భార్య అని రాయండి" అంది. ఈకేవైసీకి వేలిముద్ర కావాలన్నారు, స్టెప్నీ దొర్లించుకుపోయాను. అరిగిన టైరు, ముద్ర పడలేదు. కూలి చేసి చేతులరిగిన ముసలమ్మలకే పడదు, దీన్నని ఏం లాభం?

చిక్కంతా నిలవతోనే. అన్నం తిన్న బండిని మూడు నెలలు షెడ్డులో పెడితే కడుపులో సద్ది అవుతుంది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. వానాకాలపు గాలిలో తేమనంతా పీలుస్తుంది. పీల్చి పీల్చి ఒకనాడు పెట్రోలుతో తెగతెంపులు చేసుకుని, నీళ్లను వెంటబెట్టుకుని అడుగుకు దిగుతుంది. ఇంజన్‌కు పోయే పైపు మూతి ఉండేదీ ఆ అడుగునే. ఇనుప ట్యాంకు తుప్పుపడుతుంది. నలభై ఏళ్ల మడ్డి కదిలి కార్బొరేటర్ జెట్‌లో కూర్చుంటుంది. పంపులో డయాఫ్రం నానిన అప్పడమవుతుంది.

మొన్న మిస్త్రీ ట్యాంకు అడుగున ఉన్నది సీసాలోకి వంచి ఎండకు పట్టాడు. రెండు వరుసలు. "పైది పెట్రోలు, కిందిది గంజి" అన్నాడు. "శాన దినాలు నిలబెడ్తె ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలె సార్."

ఖాళీ కడుపుతో పడుకోబెట్టాలన్నమాట. కార్డు కోసం ఏళ్లు ఎదురుచూసిన ఇళ్లకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు.

ఆ సీసాలోని నీళ్లు చూశాక నాకు నవ్వు రాలేదు. 2025 యాసంగిలో ఈ జిల్లా రైతు రోడ్డు మీద వడ్లు ఆరబోశాడు. వానకు తడిస్తే మళ్లీ ఆరబోశాడు. కుప్ప పక్కనే రాత్రిళ్లు పడుకున్నాడు. కొనుగోలు కేంద్రం మిషన్‌లో తేమ 17 శాతం దాటితే ఇంకా ఎండనియ్యి పొమ్మన్నారు. ఢిల్లీలో ఆరు శాతం స్వల్పం, కల్లంలో ఒక్క శాతం నేరం! ఆ వడ్లకిచ్చిన మద్దతు ధర ‘ఏ’ గ్రేడుకు క్వింటాలు 2,320. క్వింటాలు వడ్లు మర పట్టిస్తే మిల్లరు సర్కారుకిచ్చేది 67 కిలోల బియ్యం. మరి ఎఫ్‌సీఐ ఇథనాల్ ఫ్యాక్టరీలకు క్వింటాలు బియ్యం ఎంతకిచ్చింది? 2,800 ఉన్నదాన్ని 2025 జనవరిలో 2,250కి దించారు. వడ్ల కన్నా బియ్యం చవకైన దేశం ఇంకెక్కడైనా ఉందా? అంత చవకగా పోయిన బియ్యం మా ట్యాంకులోకి వచ్చేసరికి లీటరు నూరు దాటుతోంది. శక్తి తక్కువ గల ఇంధనానికి ధరా తక్కువ ఉండాలని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఆ కాగితం ఏ షెడ్డులో తుప్పుపడుతోంది? తేమకు కోత పెట్టారు, తాలుకు కోత పెట్టారు, తరుగని కిలోలకు కిలోలు గుంజారు. మా ట్యాంకులో మాత్రం ఐదో వంతు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా మార్చేశారు. వద్దన్నవాడికి వేరే పంపు చూపించే దిక్కు లేదు.

డయాఫ్రం ఇక్కడ దొరకలేదు. హైదరాబాద్ పోవాలన్నాడు మిస్త్రీ. బస్సులో.