చాప చుట్టి, నిలువుఁ జీల్చి: ఒక బాబ్కా పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పిండి వెన్న కలిపి వేళకు పొంగించి
చాకొలేటు పూసి చాప చుట్టి
నిలువుఁ జీల్చి జడగ నేర్పుగా నల్లిన
వంటయింటి బాబ్క వాసి గాంచె.

అవతారిక: తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో పెరిగి, న్యూయార్క్ బేకరీల్లో చాక్లెట్ రుచి మరిగి, ఇప్పుడు ఓవెన్ ఉన్న ఇల్లల్లా తిరుగుతున్న తీపి రొట్టె బాబ్కా. దీనికి లక్షణం చెప్పే తెలుగు పద్యం ఎక్కడుందా అని వెతకడం కన్నా కట్టుకోవడం సులువు గనుక వ్యాఖ్యాతే పై ఆటవెలది కట్టాడు. మూలకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే అయినప్పుడు పొగడ్తల మోతాదు పెరుగుతుంది. చదువరులు తగినంత తగ్గించి పుచ్చుకోవాలి. ఈ పద్యానికి ప్రాణపదం ఏది అన్నదే ఇక్కడి వివాదం. చాకొలేటు అని కొందరు, జడ అని కొందరు. ‘జీల్చి’ అన్నది మా పక్షం. మిగిలిన పదాలన్నీ ఆ కత్తికి ఊడిగం చేసేవే.

ప్రతిపదార్థం: పిండి = మైదా, పాలు, గుడ్లు, చక్కెర, ఈస్ట్ చేరిన ముద్దను; వెన్న కలిపి = మెత్తబడిన వెన్నతో మేళవించి; వేళకు = పట్టవలసినంత కాలానికి (తొందరపడక అని భావం); పొంగించి = ఉబ్బజేసి; చాకొలేటు = కరిగించి చిక్కబరచిన చాక్లెట్‌ను; పూసి = పలచగా పరిచిన పిండికి అంచుల దాకా పట్టించి; చాప చుట్టి = చాపను చుట్టినట్టు బిగువుగా చుట్టి; నిలువుఁ జీల్చి = ఆ చుట్టను పొడవునా రెండుగా కోసి; జడగన్ = జడవలె; నేర్పుగాన్ = కోసిన ముఖాలు పైకి కనబడేటట్టు; అల్లిన = మెలివేసిన; వంటయింటి బాబ్క = ఇంట్లో చేసుకొన్న బాబ్కా; వాసి గాంచెన్ = పేరుకెక్కెను. బాబ్కా చివరి దీర్ఘం గణాల కోసం పోయింది, రుచికి లోటు లేదు. ఆ మాట వ్యుత్పత్తి జోలికి ఈ వ్యాఖ్య పోదు. రొట్టె బాగుంటుందని తాత్పర్యం.

ఇక విశేషాంశాలు. చాకొలేటే ప్రాణమనే పూర్వపక్షానికి లోకప్రసిద్ధమైన ప్రమాణం ఒకటుంది. 1994లో ప్రసారమైన సైన్‌ఫెల్డ్ టీవీ ధారావాహిక భాగంలో జెర్రీ, ఎలేన్ విందుకు పట్టుకెళ్లడానికి బేకరీకి వెళతారు. ఆఖరి చాక్లెట్ బాబ్కా వాళ్ల ముందున్నవారికి దక్కుతుంది. మిగిలిన దాల్చినచెక్క బాబ్కాను ఎలేన్ తక్కువ జాతిదని ఈసడిస్తే, జెర్రీ దాల్చినచెక్క తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. అమెరికన్ జనం ఎలేన్ వైపే మొగ్గారని ఒప్పుకుందాం. కానీ చరిత్ర ఆమె వైపు లేదు. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే శబ్బాతు కోసం హల్లా రొట్టె చేసే యూదు గృహిణులు, మిగిలిన పిండిని పలచగా వత్తి, జామో దాల్చినచెక్కో పరిచి, చుట్టి, హల్లా పక్కనే కాల్చుకునేవారు. అందులోకి చాక్లెట్ వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో, అదీ అమెరికాలో. చాక్లెట్టే ప్రాణమైతే అంతకు ముందు తరాలన్నీ ప్రాణం లేని బాబ్కా తిన్నాయనాలి. అదీగాక లక్షణం చెప్పేటప్పుడు అవ్యాప్తి, అతివ్యాప్తి రెండూ తగలకూడదు. ‘చాక్లెట్ ఉన్న ఈస్ట్ రొట్టె’ అంటే దాల్చినచెక్క బాబ్కా బయటపడిపోతుంది, ఫ్రాన్స్‌వారి పాన్ ఓ షొకొలా లోపలికి దూరుతుంది. ఒక్క దెబ్బకు రెండు దోషాలు. ఈస్టర్‌కి పోలండ్‌లో గాడులున్న ఎత్తయిన అచ్చులో కాల్చే బాబ్కా ఒకటుంది. దానికి చుట్టా లేదు, చీలికా లేదు. పేరొకటే అయినా ఈ పద్యానికి అది లక్ష్యం కాదు.

జడవాదులది కాస్త గట్టి వాదన. రొట్టెను చూడగానే కంటికి తగిలేది అల్లికే కదా అంటారు. అయితే తెలుగు వ్యాఖ్యాతకు ఇక్కడ వెంటనే ఒక సందేహం పుడుతుంది: మూడు పాయలు లేనిదే జడ ఎట్లా అవుతుంది? బాబ్కాకు ఉన్నవి రెండే పాయలు. ఒకదాని మీద ఒకటి దాటిస్తూ పోతే వచ్చేది పురి. కవి ‘జడగ’ అని పోలిక చెప్పి ఊరుకున్నాడు గనుక దోషం లేదని సమర్థించవచ్చు; సూర్యగణానికి ‘జడగ’ చక్కగా సరిపోయిందన్న అసలు కారణం చెప్పకుండా దాచనూవచ్చు. నిజమైన జడ కావాలంటే మూడు, నాలుగు, ఆరు పాయల హల్లా ఉండనే ఉంది. అల్లికే లక్షణమంటే అదీ బాబ్కా అయిపోతుంది. పైగా కోయని చుట్టలు రెంటిని తెచ్చి ఎంత నేర్పుగా మెలివేసినా బయటికి తెల్లపిండే కనిపిస్తుంది, చాక్లెట్ లోపలే దాక్కుంటుంది. చీలిక పైకి తెచ్చిన పొరలను పైనే నిలబెట్టడం అల్లిక పని. అది చేయవలసిందే, కానీ చీలిక జరిగాకే దానికి చేతినిండా పని.

పొంగే పిండికీ కరిగే చాక్లెట్‌కీ లేని గొప్ప కత్తికేమిటి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అడిగేవారుంటారు. కోయకుండా చుట్టను అలాగే కాలిస్తే ఏమవుతుందో చూడండి. పిండిలోని నీరు ఆవిరవుతుంది. చాక్లెట్ పూతలో కొవ్వు ఉండటంవల్ల పొరకూ పొరకూ అతుకు తక్కువ. ఆవిరి బయటికి పోయే దారిలేక పై పొరను ఎత్తేస్తుంది. చల్లారాక ముక్క కోస్తే పైన కప్పు, కింద ముద్ద, మధ్యలో సొరంగం. చీల్చిన పాయకు ఒక పక్కంతా తెరిచే ఉంటుంది గనుక ఆవిరికి అడుగడుగునా దారి దొరుకుతుంది. పాయలు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గనుక కప్పు లేవడానికి తావు తగ్గుతుంది. తెరుచుకున్న పొరల అంచులు నేరుగా వేడి తగిలి కరకరలాడతాయి, లోపలి భాగం మెత్తగానే ఉంటుంది. పొయ్యి దిగగానే పోసే చక్కెర పాకానికి కూడా ఈ అంచులే వాకిళ్లు. కోయని రొట్టె నున్నటి పైపెంకు మీద పోస్తే పాకం చాలావరకు జారి అచ్చు అడుక్కు చేరుతుంది.

ఈ దృష్టితో మొదటి పాదానికి తిరిగి వస్తే ‘వేళకు’ అన్న మాట బరువు తెలుస్తుంది. అరకిలో మైదాకు నూట యాభై గ్రాముల వెన్న అంటే మామూలు రొట్టెకు పడేదానికన్నా చాలా ఎక్కువ. కొవ్వు పిండిలోని మాంసకృత్తులకు పూతలా పట్టి గ్లూటెన్ సాగుడు కుదరనివ్వదు. అందుకే ముందు పాలు, గుడ్లతో బాగా పిసికి, ముద్ద సాగడం మొదలయ్యాక వెన్నను కొంచెం కొంచెంగా చేర్చాలి. ‘పిండి వెన్న కలిపి’ అన్న క్రమం నుంచే ఈ అర్థం లాగవచ్చు. ఆపైన ముద్దను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. నాలుగు డిగ్రీల చలిలో ఈస్ట్ నెమ్మదిస్తుంది, చావదు; నిదానంగా పులిసిన పిండికి రుచి కూడుతుంది. రుచి కన్నా ముఖ్యం, ఆ చలికి వెన్న గట్టిపడి కత్తికి పిండి లొంగుతుంది. అదే ముద్దను మే నెల విజయవాడ వంటింట్లో బల్ల మీద వదిలితే వెన్న కరిగే వేడిని గది ఎప్పుడో దాటేసి ఉంటుంది. అప్పుడు కత్తి పెడితే కోత పడదు, నలుగుడు పడుతుంది. తెలుగునాట వేసవి బాబ్కాకు ‘వేళ’ అంటే ఫ్రిజ్ అనే అర్థం చెప్పుకోవాలి.

చాక్లెట్ పూతకూ ఇదే న్యాయం. పలచటి గనాష్ పూస్తే చీల్చగానే కారిపోయి చేతులకీ బల్లకీ బాబ్కా లక్షణం పట్టిస్తుంది. కరిగిన డార్క్ చాక్లెట్, వెన్నల్లో కోకో పొడి, పొడిచేసిన చక్కెర కలిపి, చల్లార్చి, చాకుతో రాయగలిగేంత చిక్కగా చేయాలి. ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ఎక్కువ కోకో పండించే రాష్ట్రం. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన ఆ కాయలు కాస్తాయి. అంత పంట ఇంటి ముంగిట పెట్టుకుని, కోకో వెన్న బదులు వేరే నూనెకొవ్వు కలిపిన కాంపౌండ్ బిళ్లలు కొనడం న్యాయం కాదని మాత్రం చెప్పి ముందుకు పోదాం.

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. న్యూయార్క్ పాతకాలపు యూదు బేకరీలు చాలావరకు చుట్టను చీల్చేవే కావు; చుట్టను చుట్టగానే మెలితిప్పి అచ్చులో కుక్కి, పైన చక్కెర, పిండి, కొవ్వుల పలుకులు చల్లి కాల్చేవి. వాటిని బాబ్కా కాదనగలరా? అనలేం. అయితే కవి ఊరికే ‘బాబ్క’ అనలేదు, ‘వంటయింటి బాబ్క’ అన్నాడు. చేయి తిరిగిన బేకరీవాళ్లకు చుట్ట ఎంత బిగించాలో, ఎన్నిసార్లు తిప్పాలో తెలుసు. ఇంట్లో చేసేవారికి ఆ సాధన ఉండదు. సొరంగం నుంచి వారిని కాపాడేది చీలికే. ఇళ్ల కోసం రాసిన పుస్తకాల సాక్ష్యం చాలు: ఓటొలెంగీ, తమీమీ 2012లో వెలువరించిన ‘జెరూసలెం’ వంటల పుస్తకంలోని క్రాంట్జ్ అనే చాక్లెట్ బాబ్కాకు చుట్టను పొడవునా కోసి మెలివేయమనే ఉంది. 2013లో న్యూయార్క్‌లో తెరిచిన బ్రెడ్స్ బేకరీ పేరు మోగించిందీ కోసి మెలివేసిన బాబ్కాతోనే. అంటే బేకరీలు సైతం మా పక్షానికి వచ్చాయి.

‘వెన్న’ మీద కూడా ఒక పేచీ ఉంది. మాంసంతో పాటు పాలపదార్థం తినకూడదన్నది యూదుల ఆహార నియమం గనుక, మాంసం వడ్డించే శబ్బాతు భోజనం తర్వాత తినే బాబ్కాలో వెన్న బదులు నూనెనో మార్జరీన్‌నో వాడే ఆచారముంది. అప్పుడు పద్యంలో వెన్నను కొవ్వుకు ఉపలక్షణంగా తీసుకోవాలి. కాకపోతే నూనె ముద్ద ఫ్రిజ్‌లో వెన్న ముద్దంత గట్టిపడదు, కత్తికి కొంత ఓర్పు కావాలి.

చివరగా, పద్యంలో కాల్చడం అనే మాటే లేదని సూక్ష్మదృష్టి గలవారు పట్టుకుంటారు. నిజమే, పొంగించాడు, పూశాడు, చుట్టాడు, చీల్చాడు, అల్లాడు, నేరుగా వాసికెక్కించాడు. ‘కాల్చగా’ అని అధ్యాహారం చేసుకోవాలి. అల్లిన పాయలను అచ్చులో మరోసారి ఉబ్బనిచ్చి, 180 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో అరగంట నుంచి నలభై నిమిషాలు ఉంచాలి. పైభాగం ముందే మాడుతుంటే ఫాయిల్ కప్పండి. చాక్లెట్ అంటుకుంటుంది గనుక పుల్ల గుచ్చి చూస్తే పచ్చో పక్వమో తేలదు. థర్మామీటర్ ఉంటే నడుమ 90 డిగ్రీలు చూపాలి. పాకం వేడి వేడి రొట్టె మీదే పోసి, పూర్తిగా చల్లారాక అచ్చు నుంచి తీయండి. ముక్కలు కోయడానికి రంపపు పళ్ల చాకు వాడండి.