కెల్లర్‌లో అతిథి మర్యాదలు

జర్మనీలో అద్దెకు దిగితే ఇంటి తాళాలతో పాటు చాలాచోట్ల కింద నేలమాళిగలో ఓ చిన్న గది కూడా దక్కుతుంది. దాన్ని కెల్లర్ అంటారు. నాలుగు రోజులు గడిచాక, అందులో మనకంటే ముందు నుంచీ కాపురం ఉంటున్నవాళ్లు పరిచయమవుతారు. బూడిద రంగు ఒళ్లు, వేలి గోరంత పొడవు, పద్నాలుగు కాళ్లు. పేరు కెల్లర్ అస్సెల్. ముట్టుకోగానే ఉండలా చుట్టుకుపోయేది దాని దాయాది, రోల్ అస్సెల్.

పురుగులే కదా అని చిన్నచూపు చూడకండి. ఇవి రొయ్యలు, పీతల వంశం. ఊపిరి పీల్చే అవయవాలు తడిగా ఉంటేనే వీటికి బతుకు. అంటే మీ ఇంటికి వచ్చింది భీమవరం రొయ్యకు దూరపు చుట్టం. మందు కొట్టడం ఏం మర్యాద? విషాలు లేకుండా, సహజ పద్ధతుల్లోనే వీటిని సాగనంపాలని నేను చేసిన ప్రయత్నాలు కింద ఇస్తున్నాను. తూచా తప్పకుండా పాటించండి. అవి మీ ఇల్లు వదిలితే ఒట్టు.

1. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కెల్లర్ కిటికీ బార్లా తెరవండి. తడి ఆరాలంటే ఎండా గాలీ తగలాలని మనకు చిన్నప్పుడు వడియాలే నేర్పాయి. అయితే ఇక్కడ జూలైలో బయట 28 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 20 డిగ్రీల కంటే కాస్త చల్లబడితే చాలు, నీరు విడుస్తుంది. కెల్లర్ గోడేమో 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టే గోడకీ చెమట పడుతుంది. అతిథులకు పన్నీటి జల్లు! బయట లోపలికంటే చల్లగా ఉండే తెల్లవారుజామునే కిటికీ తెరిచి, పొద్దెక్కగానే మూసేసే పొరుగింటి పెద్దావిడను చూసి నవ్వుకోండి. ఆవిడ కెల్లర్‌లో ఒక్క అస్సెల్ లేదు, పాపం.

2. అట్టపెట్టెలన్నీ నేలమీదే, గోడకు ఆనించి పేర్చండి. టీవీ పెట్టె, కుక్కర్ పెట్టె, ఇండియా నుంచి ఆవకాయ వచ్చిన పెట్టె. తడిసిన అట్ట వాటికి పడకా అవుతుంది, ఫలహారమూ అవుతుంది. ఇనుప రాక్ కొని గోడకు జానెడు ఎడంగా నిలబెడితే వాటికి నిలువ నీడ ఉండదు. అంత పాపం మూటగట్టుకోకండి.

3. చలికాలంలో ఒక్క కిటికీ తెరవకండి. కుక్కర్ ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి, అన్నీ ఇంట్లోనే దాచుకోండి. జర్మన్లు రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా తెరిచి అయిదు పది నిమిషాల్లో మూసేస్తారు. స్టోస్‌లుఫ్టెన్ అనే ఈ క్రతువు వాళ్లకు సంధ్యావందనంతో సమానం. వాళ్లకు హీటింగ్ బిల్లు రాదు కాబోలు.

4. గుమ్మం వారన పసుపు గీత గీయండి. మా ఇంట్లో అస్సెల్ దాన్ని తొలిరోజే దాటింది. తెల్ల గోడకు అంటిన పసుపు మాత్రం దాటిపోలేదు. మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ తీసుకోవచ్చని చట్టం ఓనరుకు వీలిచ్చింది ఇలాంటి చిత్రకారుల కోసమే.

5. పసుపు పారకపోతే కీసెల్‌గూర్ చల్లండి. నీటిలో బతికిన సూక్ష్మజీవుల పెంకుల పొడి ఇది. అచ్చంగా స్థానిక సరుకు: 1836-37లో ల్యూనెబుర్గ్ హైడే ప్రాంతంలో బావి తవ్వుతుంటే బయటపడింది. దీన్నే నైట్రోగ్లిజరిన్‌తో కలిపి నోబెల్ 1867లో డైనమైట్‌కు పేటెంట్ పొందాడు. ఇక అస్సెల్ ఎంత? ఒంటి తడి పీల్చి ఎండగట్టేస్తుంది. ఒకటే షరతు, పొడి పొడిగా ఉండాలి. తడి నేలమీద చల్లితే ముద్దయి ఊరుకుంటుంది. పొడినేల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, అక్కడికి అస్సెల్ రాదు. చల్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ము అస్సెల్‌కు తగలకపోయినా మీ ఊపిరితిత్తులకు తగులుతుంది.

6. బంగాళాదుంపను సగానికి కోసి, లోపల తొలిచి, రాత్రిపూట బోర్లించండి. ఇది నిజంగానే పనిచేస్తుంది. తెల్లారేసరికి దాని కింద బంధువర్గమంతా చేరుతుంది. ఎత్తి తోటలో వదిలేస్తే సరి. కానీ పొద్దున్నే ఆఫీసు హడావుడిలో మర్చిపోండి. నేను వారం రోజులు మర్చిపోయి నిత్యాన్నదాన సత్రం నడిపాను.

ఇన్ని చేశాక చివరికి ఇరవై యూరోలు కూడా పెట్టకుండా ఓ తేమ మీటరు కొన్నాను. అందులో అంకె చూశాక తెలిసింది, అస్సెళ్లు ఎన్నాళ్లుగానో అదే మాట పైసా తీసుకోకుండా చెబుతున్నాయని. ఇంట్లో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచండి, తలుపు కింది సందు మూయండి. అప్పటికీ గోడ చెమ్మగిల్లుతుంటే ఓనరుకు వెంటనే ఉత్తరం రాయండి. లోపం కనబడగానే తెలియజేయడం అద్దెకున్నవాడి బాధ్యత అని జర్మన్ సివిల్ కోడ్ 536సి సెక్షన్ చెబుతోంది. మిగిలిన అస్సెళ్లను చీపురుతో ఎత్తి రాలిన ఆకుల కుప్పలో వేయండి. ఆ ఆకుల్ని మట్టి చేసే ఉద్యోగం వాటిదే.