కనపడని వైరుకు కాసులెందుకు?

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఓ పొదుపు సలహా. గ్రానైట్‌లో తగ్గకండి, చుట్టాలు చూస్తారు. ఫాల్స్ సీలింగ్‌లో తగ్గకండి, గృహప్రవేశం వీడియోలో పడుతుంది. సింహద్వారం టేకుదే పెట్టించండి, లేకపోతే వియ్యాలవారి ముందు తలెత్తుకోలేం. కోత పెట్టదగ్గది ఒక్కటే ఉంది. గోడలో పైపుల్లోంచి పోయే ఆకుపచ్చ ఎర్తు వైరు. దాన్ని చూసి మెచ్చుకున్న చుట్టం ఇంతవరకు పుట్టలేదు. అది లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది, టీవీ మోగుతుంది, మంచినీళ్లు చల్లబడతాయి. దాంతో పని పడేది గీజరు ఎలిమెంటు పగిలిన రోజునే. ఆ రోజు ఎప్పుడన్నది పంచాంగంలో లేదు కదా!

దీని మీద ఐఎస్ 3043 అని ఏకంగా ఒక పుస్తకమే ఉంది. 1987లో ఒకసారి, 2018లో మరోసారి దిద్దారు కూడా. అందులోని లెక్క బ్రహ్మవిద్యేం కాదు. రాగి ఫేజు వైరు 16 చదరపు మిల్లీమీటర్ల దాకా ఎంత ఉంటే ఎర్తు వైరూ అంతే ఉండాలి. గీజరుకు 2.5 లాగితే ఎర్తూ 2.5. మన మేస్త్రీల బుర్ర ఆ పుస్తకం కన్నా పదును. ఫేజుకు 2.5, ఎర్తుకు 1, అదీ గీజరు దాకా వెళితే వెళ్లినట్టు. లేదంటే స్విచ్‌బోర్డు దాకా తెచ్చి, కత్తిరించి, టేపు చుట్టి లోపలికి మడిచేస్తారు. ఇంకా చవగ్గా కావాలంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న సరుకు దొరుకుతుంది. బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది గానీ, గీకి చూసే తీరిక ఎవరికుంది? ఎర్ర కాయిలు అయిపోతే ఆకుపచ్చదాన్నే ఫేజుగా లాగేసిన మహానుభావులూ ఉన్నారు. రేపొచ్చే ఎలక్ట్రీషియన్ దాన్ని ఎర్తనుకుని పట్టుకుంటే అది అతని జాతకం.

ఇక ఎర్తు గుంత. అది ఎక్కడ తవ్వాలో తేల్చేది వాస్తు సిద్ధాంతి. రెండున్నర మీటర్ల జీఐ పైపు దించాలి, మీటరు లోతులోనే బండ తగిలింది. బండ కొట్టడం కన్నా పైపు కోయడం తేలిక. బొగ్గు సగం బస్తా, ఉప్పు మాత్రం ధారాళం, చవక కదా. ఆ పైపుకు 8 నంబరు రాగి తీగ, అంటే నాలుగు మిల్లీమీటర్ల మందంది, లగ్గులో నొక్కి, తుప్పూ పెయింటూ గీకిన చోట నట్టుబోల్టుతో బిగించాలి. మనవాళ్లు నోము తోరంలా మూడు చుట్లు చుట్టి, కొస మెలిపెట్టి వదిలేస్తారు. తడిలో రాగి పక్కన ఉంటే పైపు మీది జింకు పూత ముందు పోతుంది, తర్వాత ఇనుమూ పోతుంది. టిన్ను పూత లగ్గు వాడమనేది అందుకే. అన్నీ అయ్యాక, ఎండాకాలంలో నీళ్లు పోయడానికి వదిలిన గరాటు మీద పార్కింగ్ టైల్స్ పరిచేస్తారు.

అలా ఎండిపోయిన గుంత 50 ఓములు చూపిస్తోందనుకోండి. 230 వోల్టుల ఫేజు గీజరు బాడీకి తగిలితే భూమిలోకి పోయేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లెక్కే కాదు, పడిపోదు. నీళ్లు కాగుతూనే ఉంటాయి, కుళాయి తిప్పడానికి ఒక తడి చెయ్యి వస్తూనే ఉంటుంది.

ఇన్ని తంటాలెందుకని మనవాళ్లు కనిపెట్టిన దివ్యౌషధం ఇంకొకటుంది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే ఇల్లాలికి జివ్వుమంది. ఎలక్ట్రీషియన్ వచ్చి త్రీపిన్ సాకెట్ విప్పాడు. పైనున్న లావు ఎర్తు రంధ్రం వెనక వైరే లేదు. జేబులోంచి జానెడు ముక్క తీసి, న్యూట్రల్‌నుంచి దానికి లింకు కొట్టాడు.

“ఇప్పుడు ముట్టుకోండమ్మా.”

ముట్టుకుంది. ఏమీ లేదు. “నీ చెయ్యి మంచిదయ్యా,” అని డబ్బుతో పాటు కాఫీ కూడా ఇచ్చింది.

చెయ్యి మంచిదే. కాకపోతే గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రాత్రి, ఆన్‌లో ఉన్న ఫ్యాను గుండానో బల్బు గుండానో ఫేజు ఇంటి న్యూట్రల్‌లోకి దిగుతుంది. అక్కణ్నుంచి ఆ జానెడు ముక్క మీదుగా ఫ్రిజ్ బాడీలోకి నడిచొస్తుంది. ఫ్యాను ఆగింది, బల్బు ఆరింది, కరెంటు పోయిందనే అనుకుంటారు అందరూ. దాహమేసి చీకట్లో తడుముకుంటూ వెళ్లి తెరిచేది ఆ తలుపే.

అనుమానం పీకితే పరీక్షా ఉంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూడటం. (సొంతంగా చేయబోకండి, ఇది వెక్కిరింత కాదు.) న్యూట్రల్ ముక్క తగిలించిన ఇంట్లో బల్బు దేదీప్యమానంగా వెలుగుతుంది, ఫస్ట్ క్లాసులో పాస్! పద్ధతిగా ఎర్తు వేసి, 30 మిల్లీ ఆంపియర్లు భూమిలోకి కారినా కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ పెట్టించుకున్న ఇంట్లో మాత్రం బల్బు పెట్టీ పెట్టగానే టప్పుమని ఇల్లంతా చీకటి. అది చేయాల్సిన పనే అది. ఓనరుగారికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

“ఇంత పోసి కట్టిస్తే కరెంటే నిలవదేమిటయ్యా?”

“ఈ డబ్బాతోనే సార్ గొడవంతా. వానాకాలంలో గోడ కాస్త చెమ్మగిల్లినా పడిపోతుంది. తీసేసి డైరెక్టు చేసేయనా?”

“చేసెయ్. డబ్బా మాత్రం పారేయకు. షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో కనుక్కో.”