తల దొరకని నా కథ

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద, బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంటాను. డైనోసార్‌ని, పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. ప్రాణహిత-గోదావరి లోయలో, కోట శిలల్లో, యామనపల్లి అనే పల్లె దగ్గర దొరికానని 1988లో శాస్త్రజ్ఞుడు యాదగిరి గారు ఆ పేరు పెట్టారు. నేను నేనంటున్నాను గానీ, నిజానికి మేము అనాలి.

1970ల చివర్లో అక్కడ తవ్వితే 840 ఎముకలు బయటపడ్డాయి. లెక్క తేలిస్తే కనీసం 12 జంతువులవి! కీళ్ళన్నీ ఎప్పుడో ఊడిపోయాయి, ఎవరి పక్కటెముక ఎవరిదో మాకే తెలియదు. వాటిని ఏరి, జతచేసి, ఒక్కరిలా నిలబెట్టారు. బతికినప్పటి పొడవు సుమారు 9 మీటర్లని అంచనా.

దాదాపు అన్నీ దొరికాయి, తల తప్ప. మా జాతి జంతువులకు పుర్రె ఎముకలు పలచన. మెడ చివర నుంచి ఇట్టే ఊడిపోతాయి. మిగిలినవి రెండు పళ్ళు. ఇప్పుడు మీరు చూసే తల బంధువుల పోలికలు పట్టి మనుషులు చేసిపెట్టింది. ఫొటోలన్నీ దానికే!

సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటి మాట. హిమాలయాలు లేవు. ఈ నేల ఆఫ్రికాకూ అంటార్కిటికాకూ అతుక్కునే ఉండేది. గడ్డి పరక గానీ, మామిడి చెట్టు గానీ ఇంకా పుట్టలేదు. ఫెర్న్‌లు, సైకాడ్‌లు, శంఖాకార వృక్షాల కొమ్మలు మా తిండి. నమిలే ఓపిక ఎవరికి? తుంచడం, మింగడం. మిగతా పనంతా పొట్టదే. పొడవాటి మెడ ఉపయోగం అదే: కాళ్ళు కదపకుండానే చుట్టూ ఉన్నదంతా మేయొచ్చు.

తర్వాతి కాలపు సారోపాడ్‌లు, అంటే పొడవాటి మెడ డైనోసార్‌లు, నాకంటే ఎన్నో రెట్లు పెరిగాయి. నాలో వాళ్ళ పోలికలు అప్పుడే మొదలయ్యాయి. తొడ ఎముక స్తంభంలా నిటారు, నడక నాలుగు కాళ్ళ మీద. కటి ఎముకలో, సన్నటి కాళ్ళలో మాత్రం పాతతరం లక్షణాలు ఇంకా పోలేదు. శాస్త్రజ్ఞులు నా దగ్గర ఆగేది ఆ కలగలుపు కోసమే. తల లేకపోయినా వంశంలో నా చోటు ఎక్కడుందో ఆ ఎముకలే సూచిస్తాయి.

పిల్లలొచ్చి "ఇది నిజమైనదేనా?" అని అడుగుతారు. నిజమేరా అబ్బాయ్, ఒక్కటే కాదు, పన్నెండు నిజాలు. ముఖం మాత్రం ఊహ.