‘ఎస్ఈమాడ్యూల్ -ఐ లోకల్.పీపీ’: టీకాతాత్పర్యములు

అవతారిక: లినక్స్ కర్నెల్‌కు కొత్త భద్రతా పాలసీని ఎక్కించే సూత్రమిది. ఎస్ఈలినక్స్ అనే ఈ శాస్త్రాన్ని అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో లోకానికి విడుదల చేసింది; అది 2003లో 2.6 కర్నెల్‌లో చేరింది. రూటు సైతం తలవంచవలసిన శాసనం దీని విషయం. ఆడిట్2అలౌ అనే పనిముట్టు ఈ సూత్రాన్ని ‘ముఖ్యం’ అంటూ నక్షత్రాల తోరణం కట్టి తెరమీద నిలుపుతుంది. చూసినవారు చూసినట్టే కొడతారు. అర్థం అడిగేవారు అరుదు గనుక ఈ టీక.

ప్రతిపదార్థం: ఎస్ఈమాడ్యూల్ = పాలసీ మాడ్యూళ్లను చేర్చునట్టి, తీయునట్టి ఆజ్ఞ; -ఐ = ఇన్‌స్టాల్ చేయుము; లోకల్ = పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేనట్టిది; పీపీ = పబ్లిక్ ప్రాసిక్యూటరని కొందరు. అది అసాధువు. పాలసీ ప్యాకేజీ అని సిద్ధాంతం. పైగా ఈ పీపీ వాదించేది ముద్దాయి పక్షాన.

విశేషం: పాలసీలోని ‘అలౌ’ వాక్యం మీమాంసకుల లెక్కలో ఏ విధి? చెప్పనిదంతా నిషిద్ధమైన చోట చెప్పడం వల్లనే అనుమతి పుడుతుంది గనుక అపూర్వవిధి అని పూర్వపక్షం. అది నిలవదు. మామూలు యూనిక్స్ అనుమతుల పరీక్ష ముందే జరుగుతుంది. అక్కడ కాదంటే వ్యవహారం ఎస్ఈలినక్స్ దాకా రానే రాదు. వచ్చిందంటే ప్రవేశం అప్పటికే ప్రాప్తం. ప్రాప్తించినవాటిలో కొన్నిటిని పేర్కొని తక్కినవాటిని తోసిపుచ్చడం పరిసంఖ్య. అయిదు గోళ్ల ప్రాణుల్లో అయిదు భక్ష్యాలన్న వాక్యం తినమని కాదు, ఆరోదాన్ని ముట్టవద్దని. వెబ్ సర్వరు తన పుటలు చదవవచ్చునన్నా అంతే: సంకేతపదాల షాడో ఫైలు జోలికి పోరాదని. ఇక వడ్లను గోటితో ఒలవక దంచియే బియ్యం చేయాలనే నియమవిధికీ ఇక్కడ చోటుంది. ప్రాసెస్ ఒక డొమైన్‌లోకి, అంటే పాలసీ తనకిచ్చే కొత్త లేబుల్‌లోకి, మారాలంటే మామూలుగా దానికి ప్రవేశద్వారంగా ప్రకటించిన ఫైలును నడిపే మారాలి, గోడ దూకరాదు. నియమానికీ పరిసంఖ్యకూ గల భేదం ఇంకా విస్తరింపదగినదే. ప్రకృతం పీపీ.

అన్వయం: ఎంటరు నొక్కగానే ఆ ఒక్క మాడ్యూలే కర్నెల్‌లోకి పోదు. ఉన్న మాడ్యూళ్లన్నిటినీ కలిపి పాలసీని మొత్తంగా మళ్లీ కట్టి, ఎస్ఈలినక్స్ ఫైల్‌సిస్టమ్‌లోని ‘లోడ్’ అనే ఫైలులో రాస్తారు. రాసేవారికి ఆ అధికారముందా అని తేల్చేది అమల్లో ఉన్న పాత పాలసీయే. మరి మొట్టమొదటి పాలసీకి? అప్పటికి నిషేధించడానికి పాలసీయే లేదు. బూటులో ఇనిట్ దాన్ని ఎక్కించి, తానూ తగిన డొమైన్‌లోకి మారుతుంది. కర్నెల్ కొత్త పట్టికను పక్కన సిద్ధం చేసుకుని ఒక్కసారిగా మారుస్తుంది. మధ్యలో తప్పితే పాతదే నిలుస్తుంది. దాచుకున్న పాత తీర్పులన్నీ రద్దవుతాయి. ఫైళ్ల మీదా ప్రాసెస్‌ల మీదా ఉన్న లేబుళ్లలో కొత్త పాలసీ ఎరగనివి లేబుల్ లేనివిగా లెక్క.

తాత్పర్యం: ఇంత యంత్రాంగం ఎందుకు కదిలిందో చూడాలి. ఎవరో ఇంటి డైరెక్టరీలో రాసిన పుటను ఎంవీతో వెబ్ డైరెక్టరీలోకి జరిపారు. లేబులు పాతదే వచ్చింది. సర్వరుకు నిరాకరణ ఎదురైంది. లేబులును సరిదిద్దే రిస్టోర్‌కాన్ ఒక్కసారి నడిపితే తీరే ముచ్చట. అలా కాక నిరాకరణల చిట్టా మొత్తాన్ని ఆడిట్2అలౌకు పోస్తే, ప్రతి నిరాకరణా ఒక అనుమతిగా తిరిగివస్తుంది. దొంగ అడుగుజాడలు కొలిచి అవే రహదారులని గెజెట్‌లో వేసినట్టు. ఇకమీదట సర్వరుకు ఆ ఒక్క పుటే కాదు, అదే లేబులున్న ఇళ్లన్నీ పాలసీ దృష్టిలో బార్లా. పక్కనే పుట్టిన టీఈ ఫైలులో ఈ సంగతి పది వరుసల్లో ఉంటుంది, తెరిచేవారే ఉండరు. శాసనం అమలునే ఆపే ‘సెట్ఎన్‌ఫోర్స్ 0’ అని మొదటి మెట్టుగా రాసే ఇన్‌స్టాలేషన్ గైడ్లకు ఈ శ్రమ కూడా లేదు. వాటి మీద టీక అనవసరం.

సూత్రానికి ప్రతిగా -ఆర్ కూడా ఉంది, మాడ్యూలును తీసివేస్తుంది. నక్షత్రాల తోరణంలో దాని ప్రస్తావన లేదు.