డిజైన్ ఫ్రీ

ఆ శుభోదయం బొమ్మ ఇవాళ కూడా వచ్చింది. ఈసారి పంపింది మా బావమరిది. కింద ఒక సలహా కూడా జతచేశాడు: "బావా, ఎంత బాగుందో చూడు. నువ్వూ ఏవో గీస్తుంటావు కదా, ఇలాంటివి నేర్చుకోరాదూ?"

ఆ బొమ్మ గీసింది నేనే.

విశాఖ పూర్ణా మార్కెట్లో తెల్లారగట్ల లారీలోంచి అరటిగెల దించుతున్న కళాసీ బొమ్మ అది. భుజం మీద గెల, తలకి తువ్వాలు, వెనకాల లారీ ఎర్ర లైట్లు. కంప్యూటర్లో క్రిటా అనే బొమ్మల ప్రోగ్రాములో గీసి, గింప్‌లో రంగులు సరిచేసి, కుడివైపు కింది మూలలో బుల్లి అక్షరాలతో నా పేరు, పక్కన 'సీసీ బై' అని పెట్టి, మా వీధి వాట్సాప్ గ్రూపులో వదిలాను. ఎవరో మహానుభావుడు దాని మీద పసుపు రంగులో 'శుభోదయం' అని రాసి, ఆకాశంలో ఓ సుభాషితం అంటించి, మంచుబిందువులున్న గులాబీని తెచ్చి సరిగ్గా నా పేరు మీద కూర్చోబెట్టాడు. అంత బొమ్మలో ఆ పువ్వుకి ఇంకెక్కడా జాగా దొరకలేదా అన్నది నా బాధ. లారీ మీద పెట్టొచ్చు. గెల మీద పెట్టొచ్చు. కళాసీ చెవిలో పెట్టొచ్చు, నా చెవిలో ఎలాగూ పెట్టాడు కాబట్టి.

అప్పట్నుంచి అది ఊరంతా తిరుగుతోంది. అల్లిపురం నుంచి వచ్చింది, గాజువాక నుంచి వచ్చింది, ఉక్కునగరం నుంచి వచ్చింది. డాలస్ నుంచి మా పిన్నిగారబ్బాయి కూడా పంపాడు, వాళ్లకి అప్పుడు సాయంత్రం. తిరిగొచ్చిన ప్రతిసారీ కొంచెం అరిగి వస్తోంది. ఫోన్లు దాన్ని నొక్కి నొక్కి పంపగా కళాసీ ముఖం ఇప్పుడు గళ్లు గళ్లుగా తయారైంది. గులాబీ మాత్రం ఎందుకో చెక్కుచెదరలేదు.

'సీసీ బై' అనేది క్రియేటివ్ కామన్స్ వాళ్ల లైసెన్సు. 2002 నుంచీ లోకం వాడుతోంది. బొమ్మ తీసుకోండి, పంచుకోండి, మార్చుకోండి, కావాలంటే అమ్ముకోండి. గీసినవాడి పేరొకటి చెప్పి, మార్పులు చేస్తే చేశామనండి, అంతే. ఇంతకంటే చవక బేరం పూర్ణా మార్కెట్లో కూడా దొరకదు. మా గ్రూపులో ఓ పెద్దాయన మాత్రం "సీసీ అంటే మన వీధికి సీసీ రోడ్డు శాంక్షనైందా?" అని అడిగారు. ఇంకొకావిడ సీసీ కెమెరా అనుకుని, బొమ్మలో ఎక్కడుందో వెతుక్కున్నారట.

వాట్సాప్ వాళ్లని వదిలేద్దాం. వాళ్లు డబ్బులివ్వరు, అడగరు. మార్కెట్లో పసుపు, ఎండుమిర్చి అమ్మే షావుకారు ఒకాయనున్నారు. ఆయనతో ఎప్పుడు మాట్లాడినా తుమ్ముతూనే మాట్లాడతాను. పోయిన వారం సరుకులకి వెళ్తే కుర్చీ వేయించారు. అప్పుడే అనుమానం వచ్చింది.

"బాబూ, దసరాకి దుర్గాలమ్మ గుడి కాడ ఒక ఫ్లెక్సీ కట్టాల. నువ్వు కంపూటర్లో బాగా ఏస్తావంట గదా."

"వేస్తానండి. కొంచెం ఖర్చవుతుంది."

"ఖర్సేటి? ఆ సాఫ్ట్‌వేరు ఫ్రీయే అని నువ్వే సెప్పినావు గదేటి!"

చెప్పిన మాట నిజమే. గింప్‌ని 1995లో బర్క్లీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారని, ఎవరైనా వాడుకోవచ్చని, లోపల చెయ్యి పెట్టి మార్చుకోవచ్చని ఆయనకి ఎప్పుడో ఉత్సాహంగా చెప్పాను. బ్లెండర్ అనే ఇంకో ప్రోగ్రాము కథ కూడా చెప్పాను: దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే 2002లో జనం చందాలేసుకుని లక్ష యూరోలు కూడబెట్టి ఆ ప్రోగ్రామును విడిపించుకున్నారని, దాంతోనే తీసిన 'ఫ్లో' అనే లాత్వియా బొమ్మల సినిమాకి 2025లో ఆస్కార్ వచ్చిందని.

"ఆస్కారంటే నాటు నాటుకి గదా వొచ్చింది?"

"దానికీ వచ్చింది, దీనికీ వచ్చిందండి. ఇది పిల్లి కథ. సినిమా మొత్తం ఒక్క మాట ఉండదు."

"మాటల్లేవా! మరి టికెట్టెవడు కొంటాడు?" అని కాసేపు ఆ నిర్మాత మీద జాలిపడి, "సరే, ఆలకి ఆస్కారొచ్చింది. నీకేటొచ్చింది?" అన్నారు.

ఈ ప్రశ్నకి గింప్ మెనూల్లో ఎక్కడా జవాబు లేదు. పసుపు కొమ్ము కూడా నేలలోంచి ఫ్రీగానే వస్తోంది కదండీ, దాన్ని మీరెందుకు తూకమేసి అమ్ముతున్నారు అనాలి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. తట్టిందని మా ఆవిడకి చెబితే, "అక్కడ అనాల్సింది ఇక్కడంటే ఏం లాభం, ధనియాలు మర్చిపోయారు" అంది.

బొమ్మ వేశాను. ప్రింటుకి మెయిన్ రోడ్డు వైపు ఒక ఫ్లెక్సీ షాపుకి వెళ్లాను. అద్దం తలుపు మీద చదరపు అడుగుకింత అని రేటు, దాని కింద ఎర్రటి అక్షరాలతో 'డిజైన్ ఫ్రీ'. సరుక్కి ధరుంది, సిరాకి ధరుంది, మూలల్లో కొట్టే ఇత్తడి రింగులకి ధరుంది, కట్టే కర్రలకి విడిగా ధరుంది. బొమ్మకి లేదు. కేజీ వంకాయలు కొన్నవాడి సంచిలో కొసరుగా పడేసే కరివేపాకు అది.

"సీడీఆర్ ఫైలు ఉందా సార్?" అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు.

"లేదు, ఎస్‌వీజీ ఉంది."

"పీఎస్‌డీ?"

"ఎక్స్‌సీఎఫ్ ఉంది."

ఒంట్లో బాగాలేనివాణ్ని చూసినట్టు చూశాడు. "ఎందులో చేశారు సార్?"

"ఇంక్‌స్కేప్‌లో."

"ఫోన్ యాపా సార్?"

పీడీఎఫ్ ఇచ్చాను. తెరుచుకుంది గానీ తెలుగు విరిగింది. 'దుర్గాలమ్మ' కాస్తా 'దుర్‌గాలమ్మ' అయి కూర్చుంది. ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి లేచి వరసలో నిలబడ్డాయి. ఆ కుర్రాడి తప్పేం లేదు. ఆ కంప్యూటర్లో ఏళ్ల తరబడి అనూ ఫాంట్ల కాపురమే. యూనికోడ్ అక్షరాలు అక్కడికి చుట్టపుచూపుగా వచ్చినవే. ఇంటికెళ్లి అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి పట్టుకొచ్చాను. ఇక విరగవు. కానీ గీతలైపోయిన అక్షరాలని దిద్దడం కుదరదు. షావుకారు సరిగ్గా అప్పుడే ఫోన్ చేసి 'మిర్చి రేటు మారింది, సున్నా తీసి ఐదు పెట్టు' అన్నారు. మళ్లీ ఇల్లు. మళ్లీ షాపు. మళ్లీ ఫోను, 'ఐదు తీసి సున్నా పెట్టు, పాత సరుకే వొచ్చింది.'

ఆయన ఇంకోటి కూడా అన్నారు, అక్షరాలు "బాగా దుక్కగా" ఉండాలని. ఇక్కడ ఫాంట్ల సంగతి చెప్పాలి. చెప్పక్కర్లేదు గానీ చెబుతాను.

సిలికానాంధ్ర వాళ్లు తెలుగులో ఒక పెద్ద కట్ట ఫాంట్లని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద జనానికి వదిలేశారు. వాటిలో చాలావాటికి పేర్లు రాయలవారి కొలువు నుంచి తెచ్చారు. నేను ఫాంట్ల జాబితా తెరిస్తే భువనవిజయం తెరిచినట్టే. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయ, అందరూ అక్షరక్రమంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. నేను పూర్ణా మార్కెట్ పనులకి ఒక్కొక్కరినీ పిలుస్తుంటాను. కవిత్వం చెప్పాలంటే ప్రశాంతమైన చోటు, ఉయ్యాల, కప్పురపు విడెం ఉండాలన్నాడని పెద్దనకి పేరు. ఆయన్ని ఉల్లిపాయల బస్తాల మధ్య నిలబెట్టి కేజీ ధర చెప్పించాను. ఆయన పల్లకీ మోశాడనే రాయలవారికి 'హోల్‌సేల్ మరియు రిటైల్' అప్పగించాను. ముక్కు మీద పద్యంతో పేరుపడ్డ ముక్కు తిమ్మనని ఎండుచేపల బోర్డుకి వాడాను. ఆ వాసనకి న్యాయం చెయ్యగలవాడు ఇంకొకడు లేడు. పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ చెప్పినవాడు, రాఘవపాండవీయం ఆయనదే. అందుకని 'షరతులు వర్తిస్తాయి' అనే ముక్క ఎక్కడొచ్చినా ఆయనకే. తగ్గింపు ధరలు తెనాలి రామకృష్ణవి. ఎవరూ నమ్మరు, కానీ చదువుతారు. ధూర్జటిని మాత్రం నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకి వాడను. రాజుల్ని శతకం నిండా దులిపి వదిలిపెట్టిన మనిషిని తెచ్చి 'మా ఆశాజ్యోతి' అనిపిస్తే కళ్లు పోతాయి.

గురజాడ, గిడుగు ఫాంట్లు కూడా ఉన్నాయి. ఒకాయనది విజయనగరం, ఇంకొకాయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, ఇద్దరూ మనవాళ్లే. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు పేరున్న అక్షరాల్లో మన షావుకార్లు రాయమనేది ఏమిటంటే, 'ఇచ్చట మేలురకం పసుపు లభించును'. 'దొరుకుతుంది' అని పెడతానంటే, "అలాగుంటే సరుకు నాసిరకం అనుకుంటారు బాబూ" అన్నారు. నూరేళ్ల ఉద్యమం పసుపు కొట్టు గుమ్మం దగ్గర ఆగిపోయింది. చివరికి దుక్కగా ఉండాలన్నారు కదా అని రామభద్రని తెచ్చి పెట్టాను. ఆ ఫాంటు మంచి ఒడ్డూపొడుగూ ఉన్నది.

ఈ ఫాంట్లలో ఎక్కువభాగం గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల. తెలుగువాళ్లు రోజూ ఫోన్లలో, పోస్టర్ల మీద ఆయన చేతి వంపులు చదువుతున్నారు. కవుల పేర్లు మెనూలో ఉన్నాయి, ఆయన పేరు కావాలంటే వెతుక్కోవాలి. పేరు చెప్పడమంటే ఇంకో కథ గుర్తొస్తుంది. లైనక్స్‌కి గుర్తుగా ఒక లావు పెంగ్విన్ ఉంటుంది, పేరు టక్స్. 1996లో లారీ యూయింగ్ దాన్ని గింప్‌లోనే గీశాడు. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అంటూ ఒకే ఒక్క షరతు పెట్టాడు: ఎవరైనా అడిగితే నా పేరూ, గింప్ పేరూ చెప్పండి. ఎవరైనా అడిగితే! అడిగేవాళ్లుంటారని ఆ మనిషికి ఎంత నమ్మకమో.

మా ఊళ్లో అడగక్కర్లేని రోజులుండేవి. పూర్ణా మార్కెట్లోనూ, కురుపాం మార్కెట్ వైపూ ఒకప్పుడు బోర్డులన్నీ చేత్తో రాసినవే. రేకు మీద ముందు సుద్దదారంతో గీత కొట్టి, ఎనామిల్ రంగుతో అక్షరం దించి, దానికి ఎడంపక్క నీడ వేసేవారు. ఒత్తు కిందికి దిగేచోట కుంచెను వేళ్ల మధ్య తిప్పి ఒక్క లాగు లాగేవారు. ఆ తిప్పు చూడ్డానికి నేను బడి ఎగ్గొట్టి నిలబడేవాణ్ని. అంతా అయ్యాక కింద మూలలో అగ్గిపుల్లంత జాగాలో తన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని రాసుకునేవాడు ఆర్టిస్టు. దానికి ఏ షావుకారూ అభ్యంతరం చెప్పడం నేను చూళ్లేదు. అది ఆయన హక్కని అందరికీ తెలుసు, లైసెన్సు ఎవడూ చూపించలేదు. ఫ్లెక్సీ వచ్చాక ఆ పేర్లు ఒక్కొక్కటే పోయాయి. వాళ్లలో ఒకాయన్ని ఈమధ్య టౌన్ కొత్తరోడ్డు దగ్గర చూశాను. ఆటో నడుపుతున్నాడు. ఆటో వెనకాల అక్షరాలు స్టిక్కరువి. ఆయన చేత్తో రాసినవి కావు.

2022 ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి ఈ విశాఖపట్నంలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు. కుంచెలు మళ్లీ బయటికొస్తాయని ఆశపడ్డాను. ఆ నిర్ణయాన్ని హర్షిస్తూ కూడా ఎవరో ఎక్కడో ఫ్లెక్సీ కట్టే ఉంటారని ఇప్పుడు నా అనుమానం.

సరే, షాపులో ఉన్నాం కదా. అంతా కుదిరాక కుర్రాణ్ని అడిగాను, కింద మూలలో నా పేరు ఒక్క ముక్క పట్టించవయ్యా అని.

"జాగా లేదు సార్. షావుకారుగారి ఫోన్ నంబరుంది, ముగ్గురు మనవల ఫోటోలున్నాయి. పేరు కావాలంటే కింద అర అడుగు పెంచాల. పదడుగుల పొడుగు మీద అర అడుగంటే ఐదు చదరపు అడుగులవుద్ది. డబ్బులెవరిస్తారు?"

షావుకారుగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అటునుంచి మిర్చి ఘాటుకి ఎవరో దగ్గుతున్నారు.

"పేరేసుకోమను, దానికేటి? ఆ ఐదడుగులు బాబు ఖాతాలో రాయి," అన్నారాయన. "అన్నట్టు అక్కడ జాగా మిగిల్తే, మా నాలుగో మనవడి ఫోటో పంపుతున్నాను, అది కూడా పెట్టీ."